పూర్వీకుల ఊరి మీద మమకారం, సాటి మనుషుల మీద చిన్నచూపు: ఈ రెండింటినీ విడదీయగలమా?

ప్రశ్న అడిగినవారు: వంశధార విద్యార్థిని

నేను హైదరాబాద్‌లో ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. కొంతకాలంగా నన్ను వేధిస్తున్న ఒక విషయాన్ని ఇక్కడి పెద్దల ముందు, తోటి విద్యార్థుల ముందు ఉంచుతున్నాను. పుట్టిన చోటును బట్టి, మాట్లాడే తీరును బట్టి, ఇంటిపేరును బట్టి మనిషిని తక్కువగా చూడడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. మరోవైపు మా పూర్వీకుల ఊరన్నా, మా మాటన్నా, మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే కథలన్నా నాకు ప్రాణం. ఈ రెండూ ఒకే మనసులో నిజాయితీగా ఇమడగలవా అన్నదే నా సందేహం.

హాస్టల్‌లో చేరిన కొత్తలో నేను ‘ఏటి’ అన్నా, ఫోన్‌లో మా అక్కను ‘అప్పా’ అని పిలిచినా చుట్టూ ఉన్నవారు నవ్వేవారు. ఆ నవ్వులో ద్వేషం లేదని నాకూ తెలుసు. కానీ తరగతిలో నేను పత్రం చదివిన తరువాత, అందులోని విషయాన్ని వదిలేసి నా ఉచ్చారణ గురించి మాట్లాడుకోవడం విన్నప్పుడు ఆ నవ్వు నవ్వుతోనే ఆగదని అర్థమైంది. ‘నిన్ను చూస్తే శ్రీకాకుళం అమ్మాయివని ఎవరూ అనుకోరు’ అని మెచ్చుకున్నవారు కూడా ఉన్నారు. మనస్ఫూర్తిగా అన్న ఆ మాట కింద మా జిల్లా మొత్తం మీద ఎటువంటి అభిప్రాయం ఉందో అన్నవారికి తట్టలేదు. స్నేహితురాలితో కలిసి అద్దె ఇల్లు వెతికినప్పుడు ఇంటివాళ్ళు అద్దె ఎంతో చెప్పకముందే ఇంటిపేరు అడిగారు. ఇంటిపేరుతో సంగతి తేలకపోతే ‘ఇంతకీ మీరెవరు?’ అన్నారు. ఆ ప్రశ్నకు పేరు జవాబు కాదని తెలుగునేల మీద పుట్టిన ప్రతివారికీ తెలుసు.

ఇంతవరకు నేను బాధపడ్డ సంగతులు. అసలు చిక్కు మా ఇంట్లో ఉంది. మా ముత్తాత, అంటే మా నాన్నమ్మకు మామగారు, యువకుడిగా ఉన్నప్పుడు రంగూన్ వెళ్ళి అక్కడి రేవులో బియ్యపు బస్తాలు మోశారు. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు కొండలూ అడవులూ దాటి నడుచుకుంటూ తిరిగివచ్చిన లక్షల మందిలో ఆయన ఒకరు. ఆ నడక గురించి, దారిలో పోగొట్టుకున్న మనుషుల గురించి నాన్నమ్మ చెబుతుంటే వింటూ పెరిగాను. నేను చరిత్ర చదవడానికి కారణం ఆ కథే. అయితే ఇప్పుడు మా ఊళ్ళో ఇళ్ళ కట్టుబడి పనులకు, రొయ్యల చెరువుల పనులకు ఒడిశా నుంచి, బిహార్ నుంచి కూలీలు వస్తున్నారు. వాళ్ళ గురించి మా ఇంటి పెద్దలు మాట్లాడే మాటలు వింటే నాకు గుండె చివుక్కుమంటుంది. వాళ్ళు శుభ్రంగా ఉండరట, ఒకే గదిలో పదిమంది పడుకుంటారట, తక్కువ కూలికి ఒప్పుకుని మనవాళ్ళ పని పోగొడతారట. మా ముత్తాత గురించి రంగూన్‌లో అన్నవి ఇవే మాటలు అయి ఉంటాయి కదా. ఆయన కథను కళ్ళనీళ్ళతో చెప్పే నోటితోనే ఈ మాటలు ఎలా వస్తున్నాయి?

దీనికి తోడు బంధువులు నడిపే ఫోన్ బృందాలు ఉన్నాయి. మా ఇంటిపేరువారు ఎక్కడి నుంచి వచ్చారు, ఏ రాజు కొలువులో ఉన్నారు అన్న చర్చలతో అవి మొదలవుతాయి. నేను ఆసక్తిగా చదువుతుంటాను. నాలుగు రోజులు తిరిగేసరికి అదే బృందంలో ఇంకొక కులం వారిని కించపరిచే మాటలు వస్తాయి. ఆ చర్చల్లో రాజుల కొలువు ఉంటుంది గానీ రంగూన్ రేవు ఒక్కసారి కూడా కనబడదు.

వేర్ల మీద ప్రేమ ఇలా పక్కవారి మీద చులకనగా మారకుండా ఉండాలంటే ఏం చేయాలి? లేక ఆ ప్రేమలోనే ఈ దోషం ఉందా? అనుభవం ఉన్నవారు చెప్పాలని కోరుతున్నాను.

జవాబు 1: విశ్రాంత తెలుగు పండితుడు, గుంటూరు

అమ్మా, నీ ప్రశ్నలో మాటకు సంబంధించిన భాగం గురించి నేను చెప్పగలను, ఎందుకంటే ముప్పై ఏళ్ళకు పైగా నేను చేసిన పని అదే. బడిలో, పత్రికలో, రేడియోలో మనం ‘మంచి తెలుగు’ అని వ్యవహరించేది చాలావరకు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలలో చదువుకున్నవారు మాట్లాడుకునే తెలుగు. కాలువల నీటితో ఆ జిల్లాలకు డబ్బు వచ్చింది, డబ్బుతో కాలేజీలూ అచ్చుకూటాలూ పత్రికలూ వచ్చాయి, తరువాత సినిమా వచ్చింది. ఆ మాట ప్రమాణమైంది ఈ కారణాల వల్లనే తప్ప తక్కిన ప్రాంతాల మాటలో లోపం ఉండి కాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయ పదాలను ఊరూరా సేకరించి తెలుగు నేలను పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా గుర్తించారు. మీ కళింగ సీమ మాట పూర్వ మండలం. ఆ నాలుగింటిలో మధ్య మండలానికి సింహాసనం దక్కింది, తక్కిన మూడూ దశాబ్దాల పాటు సినిమాలలో నవ్వించడానికి, భయపెట్టడానికి పనికివచ్చాయి. తెలంగాణవారు, రాయలసీమవారు కూడా నీవు పడ్డ బాధే పడ్డారు.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పక తప్పదు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న మీ శ్రీముఖలింగానికి దగ్గరలోని పర్వతాలపేటలో పుట్టారు. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. కొండల్లో ఉండే గిరిజనులైన సవరల విషయంలో ఆయన చేసిన పని మాత్రం తెలిసినవారు తక్కువ. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో, మైదానపువారు మనుషుల కింద కూడా లెక్కపెట్టని సవరల భాషను ఆయన పట్టుబట్టి నేర్చుకున్నారు, వారి పిల్లల కోసం పుస్తకాలు తయారుచేశారు, 1931లో ఆ భాషకు వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును వెలువరించారు. తన మాటకు గౌరవం కావాలని వాదించిన మనిషి, తన మాట కంటే కింద ఉన్నదని లోకం అనుకునే మాటకు కూడా అదే గౌరవం ఇచ్చారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరినప్పుడు ఆయన ఆ ఊరు వదలి రాజమహేంద్రవరం వచ్చేశారు. కనుక సొంత చోటు మీద ఆయనకు మమకారం లేదని ఎవరూ అనలేరు.

కాళోజీ నారాయణరావుగారిని కూడా గుర్తుచేస్తాను. తెలంగాణ మాట పక్షాన అంత గట్టిగా నిలిచిన ఆయన పుట్టింది కర్ణాటకలోని రట్టిహళ్ళిలో. తల్లి కన్నడిగ, తండ్రి మరాఠీ. ఆయన జయంతి సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు. ఒక నేల మీద ప్రేమకు రక్తసంబంధం అవసరం లేదని చెప్పడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం నాకు తెలియదు.

ఆ ప్రేమలోనే దోషం ఉందా అన్న నీ ప్రశ్నకు నా జవాబు: ప్రేమలో దోషం లేదు. నీ పత్రాన్ని నీ ఉచ్చారణలోనే చదువు. రాతలో అందరికీ అర్థమయ్యే భాష వాడడం మర్యాద, నోటిని మార్చుకోవడం మాత్రం ఎవరికీ బాకీ లేదు.

జవాబు 2: బర్మా క్యాంపు నివాసి, విశాఖపట్నం

అమ్మాయి రాసింది చదివి చాలాసేపు ఏమీ తోచలేదు. మాది 1964లో రంగూన్ నుంచి వచ్చిన కుటుంబం. అప్పటికి నేను చిన్నవాణ్ణి. 1962లో సైన్యం అధికారం తీసుకుంది, ఆ తరువాత దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశారు, 1964 మేలో యాభై, వంద చాట్‌ల నోట్లు చెల్లవన్నారు. మా నాన్న కూడబెట్టినదంతా ఆ నోట్లలోనే ఉంది. ఓడ ఎక్కేటప్పుడు అమ్మ ఒంటి మీద నగలు దాదాపు ఏవీ మిగల్లేదు.

మీ ముత్తాతగారు పనిచేసిన రేవు గురించి మా తాత చెప్పిన సంగతులు కొన్ని మీకు ఉపయోగపడవచ్చు. బారువా, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి ఓడలు సరాసరి రంగూన్ వెళ్ళేవి. మేస్త్రీ ముందుగా అప్పు ఇచ్చి మనుషులను తీసుకువెళ్ళేవాడు, అక్కడ కూలిలోంచి తన వాటా కోసుకునేవాడు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. రేవు పనిలో మన తెలుగువారిదే ప్రధాన స్థానం, మమ్మల్ని కోరంగీలు అనేవారు. 1930 మేలో మనవాళ్ళు కూలి పెంచమని సమ్మె చేస్తే యజమానులు బర్మా కూలీలను తెచ్చి పనిలో పెట్టారు. సమ్మె పరిష్కారమై మనవాళ్ళు తిరిగి పనిలోకి వచ్చిన రోజున, అంటే మే 26న, పని పోయిన బర్మావారికీ మనవారికీ మధ్య గొడవ మొదలై నగరమంతా వ్యాపించింది. వందకు పైగా మనుషులు చనిపోయారు, వారిలో ఎక్కువమంది మనవాళ్ళు. మా తాత ఒక గోదాములో దాక్కుని బతికారు.

అయితే ఆయన ఈ సంగతి చెప్పి ఊరుకునేవారు కాదు. ఆ బర్మా కూలీలు కూడా తిండి కోసం పట్నానికి వచ్చిన పేదవాళ్ళేననీ, ఇద్దరినీ ఒకే పని కోసం ఎదురెదురుగా నిలబెట్టి తక్కువ కూలితో పని జరిపించుకున్నవాళ్ళు సురక్షితంగా మేడల్లో కూర్చున్నారనీ అనేవారు. మనవాళ్ళలో కూడా బర్మావారిని సోమరులని ఈసడించినవారు చాలామంది ఉండేవారని ఆయనే ఒప్పుకున్నారు. మీ ఇంటి పెద్దలు కూలి తగ్గిపోతుందని భయపడుతున్నారంటే ఆ భయం అబద్ధం కాదు. దానికి కారణమని వాళ్ళు వేలెత్తి చూపుతున్న మనిషి మాత్రం అసలు కారకుడు కాడు.

విశాఖ వచ్చాక మమ్మల్ని బర్మావాళ్ళన్నారు. బడిలో మా పక్కన కూర్చోవడానికి పిల్లలు ఇష్టపడేవారు కాదు. మేము ఏవేవో తింటామని చెప్పుకునేవారు. అక్కడ పరాయివాళ్ళం, ఇక్కడా పరాయివాళ్ళమే. ఇప్పుడు మా క్యాంపులో నా వయసువారు రంగూన్ వీధులను తలుచుకుని మాట్లాడుకుంటారు. మమ్మల్ని వెళ్ళగొట్టిన ఆ నేల మీద కూడా మాకు మమకారం పోలేదు. వేర్లు ఒకే చోట ఉంటాయని నేను అనుకోను. మీ ముత్తాతగారి వేర్లు శ్రీకాకుళంలో ఎంత ఉన్నాయో ఆయన చెమట ఇంకిన ఆ రేవులోనూ అంతే ఉన్నాయి. మీ బంధువుల బృందంలో రంగూన్ ఊసు రాకపోవడానికి కారణం నాకు తెలుసనే అనుకుంటున్నాను. కూలి పని చేసిన తాతను చెప్పుకోవడానికి సిగ్గుపడేవారికి, కూలి పని చేస్తున్న ఒడిశా కుర్రవాడు కళ్ళెదుట కనబడడం ఇబ్బందిగానే ఉంటుంది. ఆ తాతను గర్వంగా చెప్పుకోవడం మొదలైతే ఈ చులకన తగ్గుతుందని నా నమ్మకం.

జవాబు 3: పేట కుర్రాడు

పై ఇద్దరి మాటలనూ గౌరవిస్తూనే వేరొక సంగతి చెప్పాలనుకుంటున్నాను. నేను ప్రకాశం జిల్లా నుంచి వచ్చి హైదరాబాద్‌లోనే పరిశోధన చేస్తున్నాను. ‘పూర్వీకుల ఊరు’ అనగానే అందరి మనసుల్లోనూ ఒకే చిత్రం మెదలదు. మా తాతలకు ఊరు లేదు. ఊరి బయట పేట ఉండేది. ఊరి చెరువులో నీళ్ళు వారికి లేవు, హోటల్‌లో గ్లాసు వేరు, పెద్దవీధిలో చెప్పులతో నడిచే హక్కు లేదు. అటువంటి చోటును తలుచుకుని పొంగిపోమని మాతో అంటే మేము ఏం చెప్పాలి? 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితుల ఊచకోత జరిగిన తరువాత ఊరు వదిలిపోయిన కుటుంబాలకు ‘సొంత ఊరి మట్టి వాసన’ అన్న మాట ఎలా వినబడుతుందో ఒక్కసారి ఆలోచించండి.

సోదరి అద్దె ఇంటి గురించి రాశారు. ఆమెకు అది అవమానం. మాకు అది రోజువారీ పద్ధతి. ఎవరైనా నోరు జారి కులం పేరుతో తిడితే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. కానీ ఇంటిపేరు విని, చిరునవ్వుతో, ‘అయ్యో, నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చి వెళ్ళారండీ’ అనే యజమాని మీద ఏ చట్టమూ పనిచేయదు. బయట బోర్డు వారం తరువాత కూడా వేలాడుతూనే ఉంటుంది. శాకాహారులకే ఇస్తామనేవారు తాము ఆహారం గురించి మాట్లాడుతున్నామని అనుకుంటారు, వినేవారికి అసలు సంగతి తెలిసిపోతుంది. ఈ రకమైన వివక్షకు సాక్ష్యం ఉండదు, గొంతు పెరగదు, అందుకే ఇది ఇంత కాలం నిలిచింది. మా నాన్న నాకు ఇంటిపేరు కనబడకుండా ఒక్క పొడి అక్షరంతో బడిలో పేరు రాయించారు. తన పూర్వీకుల పేరును కొడుకు రికార్డులో దాచవలసి వచ్చిన తండ్రికి వేర్ల మీద ప్రేమ లేదని అనగలమా?

అందువల్ల ప్రేమలో దోషం లేదన్న పండితులవారి మాటను నేను పూర్తిగా అంగీకరించలేను. ఊరి మీద ప్రేమకు ఊరు ఎవరిని ఎక్కడ ఉంచిందో కూడా తెలిసి ఉండాలి. రాజుల కొలువు గురించి చెప్పుకునేవారు ఆ కొలువుకు వెట్టి చేసినవారి గురించి కూడా చెప్పగలిగితే అప్పుడు దాన్ని చరిత్ర అందాం. సోదరికి నా సూటి ప్రశ్న ఇది: మీ ముత్తాతగారు రంగూన్‌లో కూలీ. కానీ మీ ఊళ్ళో ఆయన స్థానం ఏమిటి? ఆయన కంటే కింద ఉంచబడినవారు ఎవరు? వాళ్ళలో ఎవరైనా అదే ఓడలో వెళ్ళారా? మా వైపు నుంచి రంగూన్ వెళ్ళినవారిలో చాలామంది దళితులని, తిరిగివచ్చినవారు గొడుగు వేసుకుని, బూట్లు తొడుక్కుని వీధిలో నడిచినందుకు దెబ్బలు తిన్నారని మా నాయనమ్మ చెప్పేది. పరాయి దేశపు రేవులో చేతికి వచ్చిన కూలి డబ్బు మాకు సొంత ఊరు ఇవ్వని తలెత్తుకునే అవకాశాన్ని ఇచ్చింది.

నాకూ మమకారం ఉన్న చోటు ఒకటి ఉంది. ఊరి బావి దగ్గరకు రానివ్వకపోతే మా తాతలు నలుగురూ చేరి తమ చేతులతో తవ్వుకున్న బావి అది. ఇప్పుడు కుళాయిలు వచ్చి దాన్ని ఎవరూ వాడడం లేదు. పూడ్చేద్దామని ప్రతిపాదన వస్తే మా పేట యువకులు వద్దని పట్టుబట్టారు. నేను గర్వపడేది ఆ బావిని చూసి, దాన్ని తవ్విన చేతులను చూసి. దానిని ప్రేమించడానికి నేను ఎవరినీ కింద నిలబెట్టవలసిన అవసరం లేదు.

వంశధార విద్యార్థిని:

పేట కుర్రాడుగారూ, మీ ప్రశ్నకు నా దగ్గర ప్రస్తుతం జవాబు లేదు. మా ముత్తాతతో వెళ్ళినవారి గురించి నాన్నమ్మ ఎప్పుడూ ‘మనోళ్ళు’ అనే చెప్పింది. ఆ మాటలో ఎవరెవరు ఉన్నారో నేను ఎప్పుడూ విడదీసి అడగలేదు. మా కుటుంబానికి అప్పట్లో రెండెకరాల కౌలు భూమి ఉండేదని, వరుసగా పంట పోయి మేస్త్రీ దగ్గర అప్పు తీసుకున్నారని మాత్రం తెలుసు. మా కంటే కింద ఉంచబడినవారు ఊళ్ళో తప్పకుండా ఉన్నారు. మా ఇంటి పెరటి వైపు నుంచి మాత్రమే వచ్చి వెళ్ళే మనుషులను నా చిన్నప్పుడు నేనే చూశాను. బర్మా క్యాంపు పెద్దాయనగారూ, 1930 నాటి గొడవ గురించి నేను పుస్తకంలో చదివాను గానీ, బర్మా కూలీల పక్షం నుంచి ఎవరూ నాకు చెప్పలేదు. ఈ మొత్తం విషయాన్ని నా ఎం.ఏ. పరిశోధన వ్యాసంగా తీసుకోవాలనిపిస్తున్నది. ఎవరెవరు వెళ్ళారో తెలుసుకోవడానికి కాగితాలు ఎక్కడైనా దొరుకుతాయా?

జవాబు 4: పాత రికార్డుల పాఠకుడు

దొరుకుతాయి, కానీ మీరు ఆశించినంత సులభంగా కాదు. కారణం ఏమిటంటే మారిషస్‌కో, దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కో వెళ్ళినవారు ప్రభుత్వం ద్వారా ఒప్పందం రాసుకుని వెళ్ళారు. కనుక ఒక్కొక్క మనిషి పేరునా నమోదు జరిగింది. మద్రాసు నుంచి 1860 నవంబరు 16న డర్బన్ చేరిన ట్రూరో ఓడతో మొదలుపెట్టి నాటాల్ ఓడల పట్టీలలో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద గుర్తులు కూడా ఉంటాయి. మారిషస్ పత్రాలు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. బర్మా అప్పట్లో బ్రిటిష్ ఇండియాలో భాగం, 1937 ఏప్రిల్ 1న గానీ విడిపోలేదు. అక్కడికి వెళ్ళేవారు టికెట్ కొనుక్కుని ఓడ ఎక్కేవారు, మేస్త్రీతో నోటిమాట ఒప్పందమే. అందువల్ల మనిషి మనిషికీ కాగితం లేదు.

మీ వ్యాసానికి పనికివచ్చేవి వేరే ఉన్నాయి. 1931లో నివేదిక ఇచ్చిన కార్మిక రాయల్ కమిషన్ వారు బర్మాకు సంబంధించిన సాక్ష్యాలను ఒక ప్రత్యేక సంపుటంగా అచ్చువేశారు; మేస్త్రీలు కూలిలో ఎంత కోత పెట్టేవారో, కూలీల బసలు ఎలా ఉండేవో అందులో చదవవచ్చు. ఒకే గదిలో కిక్కిరిసి పడుకునే కూలీల గురించి అప్పటి అధికారులు రాసిన మాటలు చదివితే మీ ఇంట్లో విన్న మాటలు మీకు తప్పక గుర్తుకు వస్తాయి. ఆ ఇరుకు గదుల అద్దె ఎవరు వసూలు చేసుకున్నారో కూడా ఆ పుటల్లోనే చూడండి. వలసల మీద జేమ్స్ బాక్స్టర్ 1941లో ఇచ్చిన నివేదికను కూడా విడిచిపెట్టకండి.

ఊరి వైపు నుంచి చూస్తే, రంగూన్ డబ్బుతో కొన్న భూమి ఏదైనా ఉంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో పాత దస్తావేజు నకలు తీయించండి. కొన్నవారు, అమ్మినవారు, సాక్షులు, సరిహద్దు పొలాలవారు, ఇంతమంది పేర్లు ఒక్క కాగితంలో దొరుకుతాయి. ఆనాటి దస్తావేజుల్లో పేరు పక్కన కులం, వృత్తి కూడా రాసేవారు. మీది జమీందారీ ప్రాంతమైతే 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత జరిగిన సర్వే, సెటిల్‌మెంటు రిజిస్టర్లకు ముందు సర్కారు లెక్కలు అంతగా దొరకవు. జమీందారీ కాగితాలు మిగిలి ఉన్నాయేమో విచారించాలి. కౌలుదారుల పేర్లు, వెట్టి చేసినవారి పేర్లు చాలాచోట్ల ఏ కాగితంలోనూ ఉండవన్నది కూడా ముందే తెలుసుకుని ఉండండి. పేట కుర్రాడుగారు అడిగిన ప్రశ్నకు కాగితం మౌనంగా ఉండవచ్చు. అప్పుడు పేటకు వెళ్ళి అక్కడి పెద్దలను అడగవలసి ఉంటుంది, వారు చెప్పినదాన్ని మీ నాన్నమ్మ చెప్పినదానితో సమానంగా వ్యాసంలో నిలపవలసి ఉంటుంది.

అన్నిటికంటే ముందు నాన్నమ్మగారి మాటలు రికార్డు చేయండి. ‘రంగూన్ గురించి చెప్పు’ అని అడిగితే ఇదివరకు చెప్పిన కథే మళ్ళీ చెబుతారు. మేస్త్రీ పేరేమిటి, అతను ఏ ఊరివాడు, ఓడ ఏ రేవులో ఎక్కారు, మగవాళ్ళు లేని ఏళ్ళలో పొలం ఎవరు చూశారు, మనియార్డరు ఎన్ని నెలలకు వచ్చేది, తిరిగిరానివారి భార్యలు ఏమయ్యారు అని విడివిడిగా అడగండి. ఆమె చెప్పిన మాటలను ఆమె నోట వచ్చినట్లే రాసుకోండి, బడి తెలుగులోకి దిద్దకండి.

వంశధార విద్యార్థిని:

అందరికీ కృతజ్ఞతలు. సెలవులకు ఇంటికి వెళుతున్నాను. మేస్త్రీ పేరుతో మొదలుపెడతాను. మా పక్కింటి కట్టుబడి దగ్గర పనిచేస్తున్న గంజాం జిల్లా కుర్రవాళ్ళకు తెలుగు కొంత వచ్చు. వాళ్ళను తీసుకువచ్చిన మేస్త్రీ ఎంత అడ్వాన్సు ఇచ్చాడో, కూలిలో ఎంత పట్టుకుంటున్నాడో వాళ్ళు ఒప్పుకుంటే అడిగి రాసుకుంటాను. ఆ వివరాలను 1931 నివేదిక పక్కన పెట్టి చూడాలని ఉంది. దొరికినంతవరకు ఇక్కడ తెలియజేస్తాను.